పస్తు రోజు తాళంచెవి

బాబాయికి,

నువ్వు సాకిన అడవిపిల్లి పోయేముందు దాని చెవి తోలు ముక్క పంపావు కదా. అందులోంచి కణాలు బాగానే పెరిగాయి. వాటిని మామూలు పిల్లి అండంలో పెట్టేముందు మూడు రోజులు పస్తు ఉంచాలి. మేతగా పోసే ద్రవం తగ్గిస్తే పెరగడం మానేసి నిద్రపోతాయి. ఆ నిద్రలో ఉన్నవే క్లోనింగ్‌కి పనికొస్తాయి.

రెండో రోజు పొద్దున నేను వాటికి మేత పోసేశాను.

రోజూ పోసే చెయ్యి కదా, అలవాటుగా పోసేసిందని మా ల్యాబ్ మేడమ్‌తో చెప్పాను. "మూడు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేశావు" అన్నారావిడ. నేను చెప్పింది అబద్ధం బాబాయ్. డబ్బా మీద ‘పస్తు’ అని నేనే అంటించిన చీటీ చదివి మరీ పోశాను. మైక్రోస్కోపులో చూస్తే బక్కచిక్కి కనిపించాయి. మనసొప్పలేదు.

ఆ కణాలు పారేశాం. ఫ్రీజర్లో దాచినవి ఇంకో రెండు గొట్టాలున్నాయి. అవీ పోతే ఇక ఏమీ లేదు. సోమవారం మళ్ళీ మొదలుపెడుతున్నాం.

అరుగుదల బాగుండాలని వారానికోసారి పిల్లిని పస్తు ఉంచే రోజున, నువ్వు బోను తాళంచెవి పిన్నికిచ్చి పనిలోకి వెళ్ళేవాడివి. "నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదమ్మా" అనేవాడివి. నేను పడీపడీ నవ్వేదాన్ని.

ఎక్కడో పారేసుకుంటానని సాకు చెప్పి, కణాలుండే బీరువా తాళంచెవి ఇవాళ మేడమ్‌కి ఇచ్చేశాను.

నువ్వడిగినదానికి జవాబు: పిల్ల పుడితే అచ్చం దానిలాగే ఉండొచ్చు, నిన్ను మాత్రం గుర్తుపట్టదు. అయినా సరే, దాని పస్తు రోజున తాళంచెవి పిన్నికే ఇవ్వు.

మీ అన్నయ్య కూతురు