సంచీలో ఉండిపోయిన మీ పాట

ఏవండీ,

మీరు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున నేనొక అబద్ధం ఆడాను. ప్రార్థనలో ప్రభువుకు చెప్పుకున్నాను గానీ, మీకు కూడా చెప్పకపోతే మనసు ఆగడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ గల్ఫ్‌లో మన చర్చి పెట్టే దేశదేశాల పాటల పోటీలో ఇండియా పాట ఏదో ఇవాళే చెప్పాలి. అబూ హమూర్ హాల్లో మనవాళ్ళు హిందీ అని, తమిళం అని, తెలుగు అని ఒకటే గొడవ. పిల్లలు రెండు నెలలుగా నేర్చుకున్నది మాత్రం మలయాళం పాట.

"యల్లా, తొందరగా! పది నిమిషాల్లో తేల్చకపోతే ఇండియా మాఫీ, లేనట్టే, పేరు కొట్టేస్తా" అన్నాడు నిర్వాహకుడు.

మన సుందరం నా పక్కకొచ్చాడు. "అక్కా, బావగారు కట్టిన తెలుగు పాట తెచ్చారా? ఆయన పేరు చెబితే ఒక్కడూ నోరెత్తడు."

నిజమే, ఎత్తరు. మీ పాటల పుస్తకం నా సంచీలోనే ఉంది. వినిపించాలనే తీసుకెళ్ళాను. ఎదురుగా పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నావైపే చూస్తున్నారు.

"తేలేదు తమ్ముడూ. పిల్లలకు వచ్చిందే పాడనివ్వండి" అన్నాను.

"సరిపోయింది! మీరూ వాళ్ళ పార్టీయేనా?" అని విసుక్కుంటూనే వెళ్ళి, ఆ మలయాళం పాటే రాయించాడు.

ఈ కాగితం మీ పుస్తకంలోనే, ఇవాళ నేను వినిపించని మీ పాట ఉన్న పేజీలో పెడుతున్నాను. మీ దగ్గరే ఉంచుకోండి. సుందరానికి మాత్రం చూపించకండి.