పైకి వచ్చిన టైము

బుధవారం, రాత్రి

మా ఆయనకు భూపాలపల్లి గనికి బదిలీ అయినప్పటి నుంచి ఆఫీసులో నా మొదటి పని ఒకటే. రాత్రి షిఫ్టుకు గనిలోకి దిగిన ఆయన పొద్దున పైకి వచ్చిన టైము డేటాలో పడిందా అని చూసుకోవడం. ఇక్కడ గోదావరిఖనిలో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

అన్ని గనుల హాజరునూ రోజూ పాతవన్నీ కలిపి మొదటి నుంచి డేటా వేర్‌హౌస్‌లోకి, అంటే లెక్కలన్నీ ఒకచోట దాచే కంప్యూటర్‌లోకి, ఎక్కించడం దండగని, ఏ రోజుకారోజు తేదీ ఉన్నవే ఎక్కేలా నిన్న మార్చాను. పొద్దున చిటికెలో అయిపోయింది. కానీ రాత్రి షిఫ్టు హాజరు దిగిన రోజు తేదీ మీదే ఉంటుంది కదా! పొద్దున పైకి వచ్చిన వాళ్లెవరి టైమూ ఎక్కలేదు. ఆయన పేరు ఎదురుగా ఖాళీ. కారణం తట్టేలోపే ఫోన్ చేసేశాను.

"చాయ్ తాగుతున్న. ఏమైందే?"

"ఏం లేదు, ఊకెనే చేసిన."

"గిట్ల ఊకెనే రోజు చెయ్యరాదు?"

తేదీని కాదు, హాజరు చివరిసారి మారిన సమయాన్ని చూసి ఎక్కించేలా సాయంత్రానికి సరిచేశాను. రేపటి నుంచి ఆయన టైము తప్పకుండా పడుతుంది.

మరి ఏ వంకతో ఫోన్ చెయ్యను...