ఎముక తీసిన చోట

జిండెల్ఫింగెన్,
జర్మనీ, నవంబరు 2020

అలివేలక్కకు,

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు. నేను చెప్పింది కోడలు మళ్లీ నీ చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఇది ఆమె నోటి గుండా రావాల్సిన సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. కరోనా వల్ల విమానాలు తగ్గాయి, ఉత్తరం ఎప్పుడు చేరుతుందో పోస్టాఫీసు వాళ్లు కూడా చెప్పలేకపోయారు. చేరినప్పుడే చదువు.

నా కుడి బొటనవేలు పాడైంది. వేలు కాదు, వేలు మొదట్లో మణికట్టుకు ఆనుకుని ఉండే కీలు. డబ్బా మూత తీయలేను. తడిగుడ్డ పిండలేను. తాళంచెవి రెండు చేతులతో పట్టుకుని తిప్పుతాను. ఆఫీసు పని ఇప్పుడు ఇంట్లోనే కాబట్టి ఎవరూ చూడలేదు. మౌస్‌ను ఎడమ చేతికి మార్చుకున్నాను. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను.

పోయిన వారం చేతుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రే ఫొటో చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటానన్నాను. "ఇది కంప్యూటర్ ముందు కూర్చున్న కీలులా లేదే" అన్నాడు. ఆయన ఫొటోనే చూస్తున్నాడు. తర్వాత నా ఒడిలోకి చూశాడు. మళ్లీ ఎప్పుడు రావాలో రాసి కౌంటర్‌లో ఇచ్చిన చీటీని నేను చుట్టేశాను అక్కా. చివర మడిచి, తల నొక్కి, ముచ్చటైన బీడీ. దారం ఒక్కటే తక్కువ.

"ఇది తాగేదా?"

"తాగేదే. నేను తాగను."

చెప్పాల్సి వచ్చింది. బడి నుంచి రాగానే చాట ఒళ్లో పెట్టుకునేవాళ్లమని, కాలేజీకి పోయేదాకా తునికాకు చుట్టానని, ఇప్పటికీ చేయి ఖాళీగా ఉంటే కాగితం దొరికితే చాలు చుట్టేస్తుందని. ఆయన ఆ చీటీని విప్పకుండా బల్ల మీద అలాగే పెట్టుకున్నాడు.

మందులతో కాదట. ఆ కీలులోని చిన్న ఎముకను తీసేసి, అదే చేతిలోంచి కండరపు తాడు ఒకటి తీసి, చుట్ట చుట్టి ఆ ఖాళీలో పెడతారట. చూశావా, అక్కడ కూడా చుట్టుడే. ఆ తర్వాత వారాల తరబడి చేయి కట్టులో ఉంటుంది. ప్రస్తుతానికి వేలు కదలకుండా పట్టి ఉంచే గట్టి పట్టీ ఇచ్చాడు.

అసలు సంగతి ఇది. ఆపరేషన్ అయిన రోజే ఇంటికి పంపేస్తారు, కానీ ఒంటరిగా పంపరు. మనిషి వచ్చి తీసుకుపోవాలి, మర్నాటి దాకా ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు ముందే ఇవ్వాలి. నర్సు "భర్త కదా?" అని తానే రాయబోయింది. ఆగమన్నాను.

కమలాకర్ ఇక్కడ లేడు అక్కా. ఉద్యోగమని బెర్లిన్ వెళ్లి మూడేళ్లయింది. మొదట్లో శనివారాలు వచ్చేవాడు. తర్వాత పండుగలకు. తర్వాత లేదు. పోయిన వేసవిలో విడాకుల కాగితాలు వచ్చాయి, సంతకం పెట్టాను. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. అది చెప్పుకోవడం ఇంకా కష్టం. కొట్టాడంటే నీకు అర్థమయ్యేది. ఈ మూడేళ్లుగా నీకు రాసిన ఉత్తరాల్లో వాతావరణం రాశాను, కూరలు రాశాను, ఇది రాయలేదు.

ఇంతమంది తెలుగువాళ్లు ఉన్నారు, ఎవరినో ఒకరిని అడగవచ్చు. ఆఫీసులో సంయుక్త ఉంది, మంచి పిల్ల. కానీ చంటిబిడ్డ, పైగా కరోనా. అడిగితే ముందు కమలాకర్ ఏడని అడుగుతుంది. ఆపరేషన్ వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. ఉన్న చేత్తోనే గడుస్తుంది.

నువ్వు బాధపడి ఎవరినీ అడగబోకు.

నీ చెల్లెలు
కౌసల్య


జిండెల్ఫింగెన్,
మార్చి 2021

అక్కా,

అక్షరాలు చూసి నవ్వుకో. ఎడమ చేత్తో రాస్తున్నాను. రెండో తరగతిలో నువ్వు నా పలక చెరిపి మళ్లీ రాయించేదానివి, ఇప్పుడూ అలాగే ఉన్నాయి.

ఆపరేషన్ అయింది. ఎలా అయిందో చెబుతాను.

ఈ ఊళ్లో ఒక ఆచారం ఉంది. మెట్లు ఊడ్చి తుడవడానికి వంతులు. వంతు వచ్చిన ఇంటి తలుపుకు చిన్న చెక్క బోర్డు తగిలిస్తారు. ఆ వారం మెట్లు, వాకిట్లో బాట, మంచు పడితే మంచు, అన్నీ ఆ ఇంటివాళ్లే చూసుకోవాలి. వారం కాగానే బోర్డు ఎదుటి తలుపుకు పోతుంది. నా ఎదుటి తలుపు ఫ్రావ్ హేగెలెది, ఇక్కడ ఆడవాళ్లను ఇంటిపేరు ముందు ఫ్రావ్ పెట్టి పిలుస్తారు. డెబ్బై దాటిన మనిషి, మొగుడు పోయాడు. నా వంతు వారాల్లో మెట్లు వంగి చూసి, ఒక తిట్టు తిట్టి లోపలికి పోయేది. రెండేళ్లుగా మా మధ్య ఉన్న మాటలు అవే.

జనవరిలో నా వంతు. గుడ్డ పిండలేక నీళ్లోడుతున్న గుడ్డనే మెట్ల మీద వేసి కాలితో తోస్తున్నాను. తలుపు తెరుచుకుంది.

"ఫ్రావ్ ఆడెపు! ఇది మెట్లు తుడవడమా, ఫుట్‌బాలా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పట్టీ కట్టిన చేయి ఆమె ముఖం ముందు పెట్టి, "పిండలేను. రెండేళ్ల నుంచి పిండలేను" అన్నాను.

"రెండేళ్ల నుంచి నేను తిడుతున్నాను. మీకు నోరు లేదా?"

"మీరు అడగలేదు."

"మీరు చెప్పలేదు." పట్టీ వంక చూసింది. "ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా?"

"తీసుకురావడానికి మనిషి కావాలట."

భర్త సంగతి అడుగుతుందని చూశాను. అడగలేదు. "ఆయన పేరు పోస్టుడబ్బా మీంచి తీసేసినప్పుడే తెలుసు" అంది. "నా దగ్గర కారు ఉంది. కరోనాకు ఆసుపత్రి లోపలికి రానివ్వరు. బయట కూర్చుంటాను." గుడ్డ తీసుకుని గట్టిగా పిండి నా చేతికిచ్చి తలుపేసుకుంది.

అలా ఆమె పేరు ఇచ్చాను.

ఆపరేషన్ రోజు బయట మంచు. ఆమె కారు కిటికీలన్నీ దించి, మాస్కు పెట్టుకుని, ఒళ్లో దుప్పటి కప్పుకుని కూర్చుంది. నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టింది. దారంతా ఇద్దరికీ పళ్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక రెండు తలుపులూ బార్లా తీయించి, తన గడపలో కుర్చీ వేసుకుంది. జబ్బు భయం, నా ఇంట్లోకి రాదు. కాసేపటికొకసారి "ఉన్నారా?" అని కేకేస్తుంది. "ఉన్నాను" అంటాను. ఉన్నావా అని నన్ను ఎవరైనా అడిగి ఎంత కాలమైందో లెక్క వేసుకుందామనుకున్నాను. మత్తులో లెక్క కుదరలేదు.

పప్పులో లావుపాటి సేమ్యా లాంటిది వేసి గిన్నెతో గడపలో పెట్టేది. ఉప్పు తప్ప ఏమీ లేదు. కారం చల్లుకుని ఎడమ చేత్తో తిన్నాను. నువ్వు చూస్తే చేతి మీద కొట్టేదానివి. జడ వేసుకోవడం కుదరదు. సెలూన్లు మూసేశారు. ఆమే మెట్ల మీద నన్ను కూర్చోబెట్టి వంటింటి కత్తెరతో జుట్టు మెడ దాకా కత్తిరించింది. ఒక పక్క వంకర.

నొప్పి ఉంది. దానికన్నా పొద్దు గడవకపోవడం ఎక్కువగా ఉంది. మాట్లాడకుండా రోజులు పోతాయి. బోర్డు మాత్రం అప్పటి నుంచి నా తలుపుకు రాలేదు. వారం మారినా ఆమె తలుపు మీదే ఉంటోంది.

కౌసల్య


మెట్‌పల్లి దగ్గర, మన ఊరు
జూన్ 2021

చెల్లే కౌసల్యా,

నీ రెండు ఉత్తరాలు ఒక్కపారే వచ్చినయి. ఈడ ఊర్ల కరోనాతోటి మంది బాగ పోయిండ్రు. మనింట్ల అందరం మంచిగనే ఉన్నం, ఫికరు వెట్టుకోకు.

కమలాకర్ ముచ్చట నాకు ఎరుకనే. వాళ్ల అవ్వ, నీ అత్తనే, ముందటేడు పెండ్లిల కలిసి చెప్పింది. నువ్వే చెప్తవని ఊకున్న. నేను అడిగితె నువ్వు ఉత్తరాలు బందువెడుదువు. నీ సంగతి నాకు తెల్వదా? కూరల గురించి రాసినవు గద, ఒక్క మనిషికి వండుకునే కూరలే రాసినవు.

ఎముక దీసి తాడు చుట్టి పెట్టిండ్రంటివి. లోపట తంబాకు వెయ్యలేదు గద? తల మంచిగ నొక్కిండ్రా లేదా చూసుకో, లేకుంటె బీడీ కంపెనీల వాపస్ ఇస్తరు.

ఒక మాట. నా బొటనేలు గూడ గట్లనే ఉన్నది. నీకంటె ముందుగాల్నుంచే. డాక్టరు బీడీలు చుట్టుడు బందువెట్టుమన్నడు. బందువెడితె పొద్దెట్ల వోతది? నాకు ఏ ఆపరేషనూ వద్దు. నీకు చెప్తె నువ్వాడ ఒక్కదానివే కూసుండి దిగులువడుతవని చెప్పలే.

ఆ ముసలామెకు నా దండం చెప్పు. నీ వంతు ఆమె మోస్తాంటె ఇంకా చూసుకుంట కూసున్నవా? చెయ్యి నయమైతె పని జెయ్యి. మన అవ్వ మనల్ని గట్ల పెంచలేదు.

మీ అక్క
అలివేలు


జిండెల్ఫింగెన్,
ఆగస్టు 2021

అక్కా,

ఇది కుడి చేత్తో రాస్తున్నాను. అర పేజీకి ఒకసారి ఆగుతున్నాను.

నీ ఉత్తరం వచ్చిన పూటే వెళ్లి ఫ్రావ్ హేగెలె తలుపు మీంచి బోర్డు తీసి నా తలుపుకు తగిలించాను. చప్పుడుకు బయటికి వచ్చింది.

"ఎవరు తీయమన్నారు?"

"మా అక్క."

"ఆమె ఎవరు? ఈ ఇంటికి ఓనరా?"

"నాకు ఓనరు."

మెట్లు తుడిచాను. గుడ్డ పిండాను, రెండుసార్లు ఆగి. ఆమె వంగి చూసి, "మూలల్లో మట్టి ఉంది" అని తలుపేసుకుంది. దాంతో నాకు నయమైందని నమ్మకం కుదిరింది.

కమలాకర్ సంగతి నీకూ ఆమెకూ ముందే తెలుసు. నేనొక్కదాన్నే దాచుకుంటూ కూర్చున్నాను. నువ్వు నీ వేలు దాచుకున్నావు. అవ్వ మనల్ని ఇట్లా పెంచింది.

చేతికి కసరత్తు చెప్పే అమ్మాయి మెత్తటి ముద్ద ఒకటి ఇచ్చి నొక్కమంటుంది. అన్నీ చేయవచ్చట, వేళ్ల మధ్య గట్టిగా నొక్కి చుట్టడం మాత్రం ఇక వద్దంది. జేబుల్లో కాగితాలు లేకుండా చూసుకుంటున్నాను.

దారులు తెరిచాక వస్తాను. ఎప్పుడో తెలియదు. ఈలోగా పార్సెల్ పంపుతున్నాను. ఆపరేషన్‌కు ముందు నేను కట్టుకున్న పట్టీ అది, ఉతికి ఆరేశాను. మన ఇద్దరి చేతులూ ఒకటే కొలత, గాజులు మార్చుకునేవాళ్లం కదా. పొద్దు పోకపోతే ఎడమ చేత్తో నాకు ఉత్తరం రాయి, ఈసారి నేను నవ్వుతాను.

పట్టీ కట్టుకుంటే నొప్పి కొంచెమే తగ్గుతుంది. కానీ అది ఉన్నంతసేపు బీడీ చుట్టడం ఎంత మాత్రం కుదరదు. అందుకే పంపుతున్నాను.

నీ
కౌసల్య