పిట్టకు పెట్టిన చప్పటి కూర

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కొండాపూర్‌లో మన అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, నీకిష్టమైన తలకాయ కూర విస్తట్లో పెట్టి, పిట్ట ముడుతుందని ఎదురుచూశాం. ట్యాంకు మీది కాకి దిగనే లేదు.

“మా అన్న మనసుల ఏదో ఉండిపోయింది” అంటూ నీ చెల్లెలు గిన్నెలోని కూర నాలుకకు రాసుకుంది.

“ఉప్పేది బిడ్డా? పిట్టకు గూడ బీపీ ఉన్నదా?”

మూడేళ్లు చప్పగా వండిన చేయి నాది, అలవాటు పోలేదు. చిటికెడు ఉప్పు కోసం నువ్వు బతిమాలినప్పుడల్లా డాక్టరు కాగితం చూపించేదాన్ని. చివరికి నువ్వు అన్నమే మానేస్తే, మొండితనమన్నాను.

కిందికి వెళ్లి, నీకు దొరకకుండా బీరువాలో పెట్టి తాళం వేసిన ఉప్పు డబ్బా తెచ్చి కూరలో కలిపాను. కాకి వెంటనే దిగింది.

నువ్వు మూడేళ్లు అడిగావు.