అమ్మమ్మ పాటకి ప్లగిన్ కావలెను

ముందుగా క్షమాపణలు. ఈ డైరీ బయటపడ్డాక సాఫ్ట్‌వేర్ చరిత్రని మొదటి పేజీ నుంచి తిరగరాయాల్సి వస్తుంది. ఆ చాకిరీ చేయబోయే పండితులకు క్షమాపణ. ఉపాధి కోల్పోబోయే విండోస్ మెకానిక్కులకు, వాళ్ళ భార్యాబిడ్డలకు క్షమాపణ. నాతో పోల్చుకుని కుమిలిపోబోయే తర్వాతి తరాలకు మరీ మరీ క్షమాపణ. నేను కావాలని గొప్పవాణ్ణి కాలేదు. ఖాళీ దొరికింది, అయ్యాను.

— యోంగ్జే, డిగ్రీ రెండో సంవత్సరం, చోంగ్జు. మిలిటరీ సర్వీసు ముగించి వచ్చి ఏడు నెలలు.

2009 అక్టోబర్ 10, శనివారం

ఉదయం 9.00. దీక్ష ప్రారంభం! వంద రోజులు విండోస్ ముట్టను. ఇంట్లో గానీ, బయట గానీ, పరాయివాడి ఒళ్ళో గానీ. ఇక బతుకంతా లినక్స్.

9.10. ఇది గాలిమాట కాదు. నిన్న కాలేజీలో లినక్స్ సంఘం గదిలో బొటనవేలు ఎర్ర సిరాలో అద్ది ప్రతిజ్ఞాపత్రం మీద ముద్ర వేశాను. అధ్యక్షుడు తేషిక్ అన్న దాన్ని తలుపుకి అంటించాడు. సాక్షులు ఏడుగురు. (సంఘం మొత్తం ఎనిమిది మంది.)

10.30. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్లో విండోస్‌ని వేళ్ళతో సహా పెకలించాను. 'నిజంగానే చెరిపేయాలా?' అని అడిగింది. నిజంగానే!

11.50. అమ్మమ్మ ఫోన్. మార్కెట్లో వేదిక దగ్గర నుంచి. లోకల్ ఛానెల్ వాళ్ళ పాటల పోటీ.

"ఒరేయ్, టీవీకి టేపు పెట్టావా? పన్నెండింటికి లైవు. నేను మూడోదాన్ని."

పెడుతున్నానన్నాను. పెట్టబోతున్నాను కూడా. తెర మీద నలభై రెండు శాతం అయింది, కదిలితే ఎలా?

మధ్యాహ్నం 1.15. నూరు శాతం! లినక్స్ గుర్తు, పెంగ్విన్ బొమ్మ వచ్చింది. కళ్ళు చెమర్చాయి.

1.16. టేపు.

అక్టోబర్ 11, ఆదివారం

పూర్వరంగం కొంత అవసరం. మా అమ్మమ్మ గ్వాక్ మల్‌సున్. డెబ్బై ఒకటి. మార్కెట్లో నలభై ఏళ్ళుగా కిమ్చీ కొట్టు, అంటే కారం పెట్టి ఊరేసిన క్యాబేజీ, ముల్లంగి; ఇల్లు ఆ కొట్టు వెనకే. నిన్న జీవితంలో మొదటిసారి టీవీలో కనిపించింది, ప్రోత్సాహక బహుమతిగా రైస్ కుక్కర్ గెలిచింది. చేపల వాళ్ళు చూశారట, టోఫు వాళ్ళు చూశారట, బస్టాండులో అపరిచితులు చూశారట. వేదిక మీద ఉన్న మనిషి కనక తాను చూసుకోలేదు.

"ఊరంతా చూసిందిరా, నేను తప్ప. ఆ టేపేదీ?"

"టేపులు పాతకాలం, అమ్మమ్మా. ఛానెల్ వాళ్ళ సైట్లో మళ్ళీ చూపిస్తారు. వచ్చే శనివారం మధ్యాహ్నం పన్నెండు దాకా. అద్దంలా ఉంటుంది బొమ్మ."

"అయితే పెట్టు."

పెట్టాను. తెల్లటి గడి వచ్చింది. దానిమీద 'చూడాలంటే ప్లగిన్ వేసుకోండి' అని రాసి ఉంది (ప్లగిన్ అంటే బ్రౌజరుకి తగిలించే బుల్లి ప్రోగ్రాం). సరే అని నొక్కాను. విండోస్ ఉంటేనే వేస్తానంది.

"ఇదేనా అద్దం?" అంది అమ్మమ్మ.

చిన్న విషయం. రేపు సాయంత్రానికల్లా తేలిపోతుంది.

అక్టోబర్ 12, సోమవారం

చేసినవి: ఒక ప్లగిన్ వేశాను. అది పనిచేయడానికి ఇంకొకటి వేశాను. ఆ రెండిటికీ పడకపోతే రాజీకి మూడోది. క్లాసులు ఎగ్గొట్టాను (రెండు).

సాయంత్రం 5.20. విజయం!! బొమ్మ కదిలింది! అమ్మమ్మని కొట్లోంచి లాక్కొచ్చాను. చేతులకి కారం అలాగే ఉంది.

తెర మీద కిమ్చీ ఫ్రిజ్ ప్రకటన. పదిహేను సెకన్లు. ఒక సుందరి తలుపు తీసింది, నవ్వింది, తలుపు వేసింది. తర్వాత తెల్ల గడి.

"నేనెప్పుడొస్తాను?"

"ప్రకటన ఒక ప్లగిన్లో వస్తుందమ్మమ్మా, నువ్వు ఇంకో ప్లగిన్లో వస్తావు."

"అంటే ఫ్రిజ్‌కి దారుంది, నాకు లేదు."

ఇంకా మూడుసార్లు పెట్టించుకుని చూసింది. ప్రకటనే. ఎక్కడైనా మధ్యలో తాను దూరుతానేమోనని.

పోతూ పోతూ అంది: "మన దేశం పుట్టిన కథలో ఎలుగుబంటి వంద రోజులు గుహలో వెల్లుల్లి నమిలి మనిషైంది. పక్కనున్న పులి తట్టుకోలేక పారిపోయింది. నువ్వు పుట్టింది పులి సంవత్సరం. ఏమో మరి."

అక్టోబర్ 13, మంగళవారం

మధ్యాహ్నం 2.00. సైటు గుట్టు పట్టేశాను. వీడియో అసలు చిరునామా పేజీ లోపల దాక్కుని ఉంది. దాన్ని పట్టుకుని నేరుగా వేరే ప్లేయర్‌కి ఇచ్చాను. బ్రౌజరుతో పనే లేదు! నా తెలివికి నాకే భయమేసింది.

2.25. వచ్చింది. నాలుగు సెకన్లు. ధ్వని లేదు. మనుషులంతా నఖశిఖపర్యంతం ఆకుపచ్చ. వ్యాఖ్యాత నోరు తెరిచిన చోట ఆగిపోయింది.

"వీడి పళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదు," అంది అమ్మమ్మ.

"రంగు ఒక్కటే తేడా, అమ్మమ్మా."

"నేను వేసుకున్నది గులాబీ రంగు హాన్‌బొక్ రా. కూతురి పెళ్ళికి కుట్టించుకున్నది. దాన్ని పచ్చగా చేస్తే మాత్రం నీ బొచ్చెలోకి ముల్లంగి ముక్క పడదు."

సాంకేతికంగా చూస్తే ఇది ఎనభై శాతం విజయం.

అక్టోబర్ 14, బుధవారం

ఛానెల్‌కి ఫోన్ చేశాను. ఎవరో అమ్మాయి, గొంతు వెన్నలా ఉంది.

"మీ కంప్యూటర్లో విండోస్ తెరుచుకోవడం లేదా అండీ? పాడైందా?"

"పాడవలేదండీ. పవిత్రమైంది."

ఆ అమ్మాయి గొంతు ఇంకా మెత్తబడింది.

"ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే ఒకసారి ఫోనిస్తారా?"

తప్పెవరిదో ఇప్పుడు స్పష్టమైంది. నాది కాదు. కిందివాళ్ళది:
– ఛానెల్ వాళ్ళది.
– ప్లగిన్ రాసినవాడిది.
– మధ్యాహ్నం పన్నెండింటికి పాటల పోటీ పెట్టాలన్న వాడిది.
– కొంతవరకు అమ్మమ్మది. మూడోదానిగా పాడటమెందుకు? ఎనిమిదోదానిగా పాడితే టేపు అందేది.

అక్టోబర్ 15, గురువారం

ఉదయం 11.00. ధర్మసందేహం. లినక్స్ లోపల కూర్చుని విండోస్‌లా నటించే ప్రోగ్రాం ఒకటుంది. వాడితే దీక్ష చెడుతుందా? తేషిక్ అన్నకి ఫోన్ చేశాను.

"నాటకంలో రాజు వేషం వేసినవాడికి మనం పన్ను కడతామా?"

"కట్టం, అన్నా."

"అయితే పాపం లేదు. కానిచ్చేయ్."

ఎంతటి జ్ఞాని! ఆరేళ్ళుగా విండోస్ మొహం చూడలేదట.

మధ్యాహ్నం 3.30. ప్లగిన్ నమ్మింది! నిజంగా విండోసే అనుకుని కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది.

3.40. తనవెంట చుట్టాన్ని తెచ్చింది. 'మీ కీబోర్డుని దొంగల నుంచి కాపాడే ప్లగిన్'. పాట వినడానికి కీబోర్డు కాపలా ఎందుకో అడగలేదు. ఇంటికొచ్చిన అతిథి.

3.45. కాపాడుతోంది. నా నుంచి కూడా. ఒక్క మీటా పనిచేయడం లేదు.

(3.45 నుంచి అంతా పెన్సిలుతో, కిమ్చీ ఆర్డర్ల కాగితం వెనక.)

అక్టోబర్ 16, శుక్రవారం

మొత్తం చెరిపి మళ్ళీ మొదట్నించి లినక్స్ వేశాను. మళ్ళీ తెల్ల గడి. ఎంత శుభ్రంగా ఉందో!

మధ్యాహ్నం 1.00. అమ్మమ్మ వేడన్నం, గుడ్డట్టు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టింది. మెల్లగా అడిగింది:

"వీధి చివర నెట్ సెంటరుంది కదా. వాళ్ళ నూడుల్స్‌లోకి కిమ్చీ మనదే. పోయి అడిగితే కాదంటారా? అక్కడైతే రాదా ఏంటి?"

"వస్తుంది, అమ్మమ్మా. కానీ అవన్నీ విండోస్. నేను వేలిముద్ర వేశాను."

"నువ్వు ముట్టుకోకు. పక్కన కూర్చో. ఎక్కడ నొక్కాలో నోటితో చెప్పు."

"అదీ ముట్టినట్టే. సూత్రం అమ్మమ్మా, సూత్రం."

ఆవిడ కాసేపు తెల్ల గడి వంక చూసింది.

"ఈ వారమంతా నువ్వు నా పాట కోసం కష్టపడుతున్నావనుకుని పక్క కొట్ల వాళ్ళందరికీ గొప్పలు చెప్పాను. నీ పంతం కోసమా ఇదంతా? అయితే నన్ను మధ్యలో ఎందుకు కూర్చోబెట్టావురా?"

జవాబు ఉంది నా దగ్గర. చాలా లోతైన జవాబు. నోట్లో అన్నం ఉండటం వల్ల ఇవ్వలేకపోయాను.

అక్టోబర్ 17, శనివారం

11.15. ఇంకో ప్లగిన్ దొరికింది. ఒక స్వీడన్ వాడు రాశాడు. డౌన్‌లోడవుతోంది.

11.22. అమ్మమ్మ ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. కొట్టు మీద నీలం పట్టా కప్పింది. నావైపు చూడకుండానే నడిచి వెళ్ళిపోయింది.

11.24. స్వీడన్ వాడు పన్నెండు శాతం.

11.25. పరిగెత్తాను.

11.31. నెట్ సెంటర్. ముప్పై కంప్యూటర్లు, ముప్పై తలలు. శనివారం కదా, స్కూలు పిల్లలందరూ ఆటల్లో తుపాకులతో ఉన్నారు. అమ్మమ్మ వరసల మధ్య నిలబడి ఒక్కొక్క తెరా చూస్తోంది, ఎక్కడైనా తాను ఉన్నానేమోనని.

మూల కుర్చీలో టోపీ కిందికి లాక్కుని, రొయ్యల చిప్స్ తింటూ ఒక మనిషి. మేజోళ్ళ మీద చెప్పులు. ఆ చెప్పులు నాకు తెలుసు.

"తేషిక్ అన్నా?"

తల తిప్పలేదు. "ఆయన కాదు," అన్నాడు.

"అన్నా, ఇది విండోస్."

"శత్రువు బలహీనతలు పరిశీలిస్తున్నాను."

"తెర మీద హీరోయిన్ ఏడుస్తోంది."

"అదే ఆ బలహీనత." ఒక చిప్ నోట్లో వేసుకుని, "మరి నువ్వెందుకొచ్చావ్?"

"నేనూ పరిశీలనకే."

కౌంటరు దగ్గరి అమ్మాయి అరిచింది: "తేషిక్ గారూ, మీ రోజువారీ నూడుల్స్ ఇప్పుడు పెట్టమంటారా?"

ఇద్దరం నేల చూపులు చూశాం. అమ్మమ్మ వచ్చి ఆయన భుజం మీద తట్టింది.

"నాయనా, నీ పరిశీలన కాస్త ఆపి లేస్తావా? పన్నెండింటికల్లా నేనిందులోంచి మాయమైపోతాను."

మహానుభావుడు, చిప్స్ ప్యాకెట్టు కూడా వదిలేసి లేచాడు.

11.44. 'ప్లగిన్ వేయమంటారా?' అవును. 'దీన్ని నమ్ముతారా?' అవును. 'ఇంకోటి వేయమంటారా?' అవును. 'కీబోర్డుని కాపాడమంటారా?' అవును తల్లీ, కాపాడు. బొటనవేలు పక్కనున్న వేలితో నొక్కాను. ప్రతిజ్ఞాపత్రం మీద పడింది బొటనవేలు ముద్ర. న్యాయశాస్త్రం తెలిసినవాళ్ళు ఆలోచించుకోవచ్చు.

11.56. ఫ్రిజ్ సుందరి. తలుపు తీసింది, వేసింది.

11.57. ముందు పాడిన ఇద్దర్నీ దాటించేశాను. గులాబీ రంగు.

"ఎవర్రా ఆ ముసలిది?" అంది అమ్మమ్మ. వెంటనే, "ఓ. నేనే."

చుట్టూ తుపాకులు పేలుతున్నాయి. తెర మీద అమ్మమ్మ పాడుతోంది, కుర్చీలో అమ్మమ్మ పెదవులు కదుపుతోంది. రెండో చరణంలో, ఊపిరి బిగబట్టి సాగదీసిన చోట, కెమెరా ప్రేక్షకుల్లో ఒక బట్టతల మీదికి వెళ్ళింది.

"నేను ప్రాణం పెట్టిన చోటే వీడికి ఆ గుండు చూపించాలనిపించిందా!"

వెనక నిలబడ్డ తేషిక్ అన్న, "దుర్మార్గం," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నట్టుంది.

పాట అయిపోయింది. చప్పట్లు. అమ్మమ్మ కళ్ళజోడు తీసి కార్డిగన్ అంచుతో తుడుచుకుంది.

"బాగానే పాడాను కదూ? ఇంకోసారి పెట్టు."

నొక్కాను.

12.00. 'ఈ కార్యక్రమం సేవ ముగిసినది. ధన్యవాదములు.' తెల్ల గడి. విండోస్‌లోనూ అచ్చం అలాగే ఉంటుంది.

అక్టోబర్ 18, ఆదివారం

ఉదయం 9.00. దీక్ష ప్రారంభం! మొదటి రోజు. వంద రోజులు విండోస్ ముట్టను. గత వారాన్ని సన్నాహక వారంగా పరిగణించాలని తేషిక్ అన్న, నేను ఫోన్లో ఏకగ్రీవంగా తీర్మానించాం. ప్రతిజ్ఞాపత్రం మీద తేదీ ఆయనే దిద్దుతాడు.

9.20. ఈసారి లక్ష్యం చిన్నది. ఫోన్లో ఉన్న ఒక వీడియోని లినక్స్‌లోకి ఎక్కించడం. తీగ తగిలించాను. ఈ ఫోన్ లోపలికి వెళ్ళాలంటే ఫలానా ప్రోగ్రాం వేసుకోవాలంది. ఆ ప్రోగ్రాంకి విండోస్ కావాలంది. చిన్న విషయం. సాయంత్రానికల్లా తేలిపోతుంది.

9.40. ఆ వీడియో ఏమిటని తర్వాత ఎవరైనా అడుగుతారు. కనక ఒప్పుకుంటున్నాను. వారం రోజుల్లో పదకొండు ప్లగిన్లు, విండోస్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి, ఒక స్వీడన్ వాడు. వీటిలో దేనివల్లా ఏమీ జరగలేదు. నిన్న పదకొండు యాభై ఏడుకి అమ్మమ్మ కుర్చీ వెనక నిలబడి, మడత ఫోను తెరిచి, తెరవైపు ఎత్తి పట్టుకున్నాను. బొమ్మ ఊగుతుంది. సగం తెర అమ్మమ్మ ఉంగరాల జుట్టే. పాటకి తుపాకుల తాళం. నిన్న సాయంత్రం కొట్లో ఫోను ఆవిడ చేతిలో పెట్టాను. ఇప్పటికి పధ్నాలుగు సార్లు చూసింది. కొనడానికొచ్చినవాళ్ళకి ముందు అది చూపించి తర్వాతే కిమ్చీ తూచింది. "వెనకనుంచి నా జుట్టు ఇంత పల్చబడిందా, ఒక్కరూ చెప్పలేదేం!" అని ఇంటికొచ్చాక నన్ను తిట్టింది కూడా.

అంతే నేను చేసింది. మూడు నిమిషాలు చెయ్యి దించలేదు.