పాత ఫుట్‌రెస్టులు

ఇమోలా, మంగళవారం

లేర్కో మామయ్యకు,

ట్రాక్ మలుపుల్లో బైక్ పక్కకి వంగినప్పుడు ఫుట్‌రెస్టులు నేలకు గీసుకుంటాయని చదివి, అన్నిటికన్నా ఎత్తువి మీ చేత వేయించుకున్నాను. గేరు, బ్రేకు మీటలూ పైకి జరిపించాను. "వద్దే పిల్లా, మోకాళ్లు పట్టేస్తాయి" అన్నారు మీరు. కాన్వెంటులో ఏళ్ల తరబడి ప్రార్థనకి మోకరిల్లినదాన్ని కదా, వినలేదు. ఆదివారం రెండో రౌండుకే పట్టేశాయి.

శిక్షణ ఇచ్చే ఓర్నెల్లా అందరి ముందూ అంది: "నువ్వు వంగిన వంపుకి నెత్తిన కాఫీ కప్పు పెట్టినా ఒలకదే తల్లీ! నీకెందుకే ఇంత ఎత్తువి?" అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

వచ్చే ఆదివారంలోగా పాతవే, మీటలతో సహా, మళ్లీ బిగించండి. ఒక్కసారైనా అవి నేలకు గీసుకునే చప్పుడు వినాలని ఉంది.

మళ్లీ పాతవెందుకని అమ్మ అడిగితే మాత్రం మోకాళ్ల నొప్పి అని చెప్పండి.

మీ మేనకోడలు