పచ్చబండి ఎవరికి, పెట్టెలో ఇంజను ఎవరికి

పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరై, ఊళ్లో అందరిచేతా పచ్చబండి డాక్టరమ్మ అనిపించుకుంటున్న నేను, ఒంట్లో ఓపిక, బుర్రలో తెలివి రెండూ సరిగ్గా ఉండగానే, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, ఇష్టపూర్వకంగా రాసుకున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి రెండున్నాయి. రెండూ కోపంలో రాసినవే. అవి ఇందుమూలంగా రద్దు.

నా తెలివికి ఢోకా లేదని మా వీధి డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆయన కుక్కకు నేను వైద్యం చేశాను కాబట్టి ఒకరి మాట ఒకరం నమ్ముతాం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా మరిదిది. ఆయన బీమా కంపెనీలో వస్తువులకు ధర కట్టే ఉద్యోగం చేశాడు. ఎవరింటికెళ్లినా ముందు గోడగడియారాన్ని పరీక్షగా చూసి, ఆ తర్వాతే మనిషిని పలకరిస్తాడు. ఆయనతో పోట్లాడినంతగా నేను ఈ జన్మలో ఇంకెవరితోనూ పోట్లాడలేదు. నా తర్వాత నా మాట ఎవరికైనా గుర్తుంటుందంటే ఆయనకే.

2. నేనుంటున్న ఇల్లు, బ్యాంకులో ఉన్న డబ్బు, నా తదనంతరం మా అబ్బాయికీ కోడలికీ సమానంగా, దాన విక్రయాది సర్వహక్కులతో చెందాలి. దీని మీద ఎవరికీ పేచీ లేదు కాబట్టి ఎక్కువ రాసేదీ లేదు.

3. ఇక పచ్చబండి. రెండు సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, ముదురు పచ్చరంగు. వయసులో నాకంటే కాస్త పెద్దది. రంగు కంపెనీలో వేసినదే, ఇప్పటిదాకా మార్చలేదు. పక్క సీటు అంచున తోలు అతుకు ఉంది. రోగంతో ఉన్న మేకను ఆస్పత్రికి తెస్తుంటే అది దారిలో తోలు కొరికేసింది. రోగం కుదిరింది. సీటు చూసిన మా మరిది మాత్రం ఇంకా కోలుకోలేదు.

ఈ బండి సంగతి మొదటినుంచీ రాస్తేనే కింది పంపకాలు అర్థమవుతాయి. మా ఆయన వంతెనల ఇంజనీరు. మూతపడ్డ నూలుమిల్లు షెడ్డులో, పావురాల రెట్టలో కూరుకుపోయి ఉన్న దీన్ని కొనుక్కొచ్చి, సెలవు దొరికితే చాలు దాని కింద దూరేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపేవాడు, ఖాళీ మిల్లు ఆవరణలో నాకూ నేర్పాడు. ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. కొన్నాళ్లకు మా మరిదీ అబ్బాయీ కూర్చుని, ధర బాగున్నప్పుడే బండి అమ్మేద్దామన్నారు. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేమడిగినా సరేననేదాన్ని.

కొనడానికి తెల్లబూట్ల ఆసామి ఒకాయన వచ్చాడు. పాత కార్లు కూడబెట్టే మనిషి. ఇంజను చప్పుడు వినిపించమన్నాడు. మా మరిది తాళం తిప్పితే బండి దగ్గింది. అబ్బాయి తిప్పితే దగ్గనూ లేదు. అప్పుడు నేనెక్కి, చోక్ లాగి, మా ఆయన చేసినట్టే కాసేపు ఆగి తాళం తిప్పాను. ఒక్కసారిగా అందుకుంది. ఆ చప్పుడు విన్నాక, సరేనన్న నోరు నాదేనా అనిపించింది. గేటు తెరిచే ఉంది. వెళ్లిపోయాను.

చెరువుగట్టు దాటి, కొండమలుపులు తిరిగి, పెట్రోలు అడుగంటుతుంటే ఇంటికొచ్చాను. తెల్లబూట్లాయన ఎప్పుడో వెళ్లిపోయాడట. మా మరిది గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“వదినా, అది కారు కాదు, బంగారం. బంగారాన్ని గుంతల రోడ్డు మీద ఈడ్చుకుపోతారా?” అన్నాడు.

బంగారమైతే ఒంటి మీద పెట్టుకుంటాను గానీ, పెట్టెలో పెట్టి కాపలా కాయలేనని చెప్పాను. చాలాకాలం మాటల్లేవు. అప్పటినుంచి పల్లెల్లో ఏ గేదె ఈనలేకపోయినా, ఏ గుర్రం కుంటినా పచ్చబండిలోనే వెళ్లాను.

చివరికి ఆయనే దిగొచ్చాడు. నేను నడపకుండా ఉండలేను, ఆయన విలువ చూడకుండా ఉండలేడు, ఇద్దరికీ కుదిరే దారి ఒకటుందన్నాడు. ఇలాంటి బండ్లకు విలువంతా పుట్టుకతో వచ్చిన ఇంజనులో, దాని మీద కొట్టిన నంబరులో ఉంటుందట. అది పగిలితే సగం ధర గాలికి పోయినట్టే. అందుకని తుక్కుకు పోతున్న అదే రకం బండి నుంచి ఇంకో ఇంజను వెతికి తెచ్చాడు. అసలుది దింపి, గ్రీజు పట్టించి, చెక్కపెట్టెలో పడుకోబెట్టాం. తెచ్చినదాన్ని బండిలో బిగించాం. నాకు భయం తగ్గింది, ఆయనకు బీపీ తగ్గింది. ఇంతకు మించిన రాజీ నేను ఏ సంసారంలోనూ చూడలేదు.

4. పై పచ్చబండిని మా కోడలికి రాస్తున్నాను. కొడుక్కి కాదు. ఇది పొరపాటున రాసింది కాదని గమనించగలరు.

మా అబ్బాయి చిన్నప్పటి నుంచి ఈ బండిని ప్రాణంగా చూసుకున్నాడు. తుడుస్తాడు, గాలి చూస్తాడు, నీడ ఎటు జరిగితే బండిని అటు జరుపుతాడు. రోడ్డెక్కించమంటే మాత్రం తాళాలు తెచ్చి నా చేతిలో పెడతాడు. మా కోడలు ఫిజియోథెరపీ చేస్తుంది. కాపురానికొచ్చిన చాలా ఏళ్లు బండి జోలికే రాలేదు. అత్తగారి ముద్దుబిడ్డ అని దానికి పేరు పెట్టిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక వానాకాలం ఇద్దరం చెరువుగట్టుకు వెళ్లాం. అక్కడ నా మోకాలు పట్టేసింది, క్లచ్ తొక్కలేకపోయాను. అంతలో వాన. టాపు సగంలో ఇరుక్కుంది. పిల్ల నన్ను పక్క సీటులోకి జరిపి, తనే నడపడానికెక్కింది. ఎత్తు దగ్గర బండి ఆగిపోతే, నాకు సారీ చెబుతుందనుకున్నాను. స్టీరింగు మీద ఒక్కటి చరిచి, “చాల్లే నాటకాలు, పద” అంది. బండి కదిలింది. ఇద్దరం ముద్దగా తడిసి, ఎందుకో తెలియకుండానే ఇంటిదాకా నవ్వుతూనే వచ్చాం.

ముందు మడ్‌గార్డు గేటు స్తంభానికి తగిలి సొట్ట పడింది. అప్పుడు పోయింది పిల్ల ముఖంలో రంగు. మర్నాడు మా మరిది భూతద్దంతో వచ్చి, వేలితో తడిమి, దీన్ని బాగుచేయించొద్దు, పైన రంగు వేస్తే పుట్టురంగు పోతుంది, సొట్టతో ఉంటేనే విలువెక్కువని తేల్చాడు. ఆయన ధర కోసం ఉంచమన్నాడు. నేను ఆ వాన కోసం ఉంచుకున్నాను. ఆ సొట్టను ఎవరూ ముట్టుకోకూడదు.

5. చెక్కపెట్టెలోని అసలు ఇంజను మా అబ్బాయికి. నాయనా, చిన్నబుచ్చుకోకు. బండి మీ ఆవిడ దగ్గర, ఇంజను నీ దగ్గర ఉంటే, పూర్తి ధర రావాలన్నా ఇద్దరూ ఒక మాట మీద ఉండాలి. మీరెలాగూ ఉంటారు. తుడవడానికి నీకూ ఏదో ఒకటి ఉండాలి కదా అని.

నీ ప్రింటింగ్ ప్రెస్ మూతపడే స్థితికొచ్చినప్పుడు ఈ ఇంజనును విడిగా అమ్మేద్దామని నేను సిద్ధపడ్డాను. నీకు తెలియని సంగతి ఒకటుంది. మీ బాబాయి ఆ రోజు వచ్చి, తల వేరు మొండెం వేరు చేసి అమ్ముతారా అని నన్ను కేకలేసి, ఊరవతల తనకున్న స్థలం అమ్మి ఆ డబ్బు నా చేతిలో పెట్టాడు. స్థలం ధర ఇంకా పెరుగుతుందని తెలిసే అమ్మాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. వీలునామాలో చెప్పొద్దనలేదు.

6. బండి ఎప్పటికీ అమ్మకూడదని నేను మీ చేతులు కట్టేయను. జబ్బు చేసినా, నిలువనీడ కరువైనా, పిల్లల చదువు ఆగినా కళ్లనీళ్లు పెట్టుకోకుండా అమ్మండి. దాన్ని ఇంతకాలం జాగ్రత్తగా చూసింది అందుకు కూడానూ. ధర పెరిగిందన్న ఒక్క కారణానికి మాత్రం అమ్మొద్దు. ఉన్నన్నాళ్లూ వారానికోసారి రోడ్డెక్కించాలి. నిలబెట్టిన బండికి రబ్బర్లు ఎండుతాయి, ట్యాంకు తుప్పుపడుతుంది. మనుషులకూ అంతే.

7. తెల్లబూట్ల ఆసామికి నా తరఫున పచ్చబండి ఒక పూట. ఏటా ఫోను చేసి బండి క్షేమం, వెనకాలే నా క్షేమం అడుగుతాడు. షెడ్డు నిండా కార్లున్నాయి గానీ, ఒక్కదాన్నీ గేటు దాటించి ఎరగడు. ట్యాంకు నింపి, ఆయన చేతికే స్టీరింగు ఇచ్చి, కొండదాకా పంపండి. బూట్లు మాసినా పర్వాలేదని చెప్పండి.

8. మా మరిదికి, మా ఆయన చేతిగడియారం. దానికి ధర కట్టొద్దని మనవి. ఇంకా, ప్రతి ఆదివారం ఉదయం పచ్చబండిలో పక్క సీటు. కోడలు నడపాలి. ఆయన గుంతలు లెక్కపెడతాడు, పెట్టనివ్వండి.

9. పై అంశాలన్నీ నా తదనంతరం. ఈ ఒక్కటి మాత్రం ఈ రోజే అమల్లోకి వస్తుంది. కంటి డాక్టరు ఇక స్టీరింగు పట్టొద్దన్నాడు. రెండు రోజులు అన్నం మాని ముఖం ముడుచుకున్నాను, మూడో రోజు ఆకలేసింది. బండి తాళాలు ఇప్పుడే, సాక్షుల ఎదుట, మా కోడలి చేతికిస్తున్నాను. సంతకం కాగానే కొండమలుపుల దాకా వెళ్తాం. ఇన్నేళ్లూ రోడ్డు చూస్తూ నడిపాను, అటూఇటూ ఏముందో తీరిగ్గా చూడనేలేదు. నేనున్నంతకాలం పక్క సీటు నాదే. మరిదిగారు ఆగాలి.

తేదీ: 2026 మార్చి 9, సోమవారం, ఉదయం.

సంతకం: పచ్చబండి డాక్టరమ్మ

సాక్షులు:
1. పక్కింటి లెక్కల మాస్టారు. మొత్తం చదివే సంతకం పెట్టారు.
2. మేక కొరికిన సీటుకు తోలు అతికిన సీట్ల టైలరమ్మ. చదవకుండానే పెట్టింది. బయట ఇంజను స్టార్టయింది, వెళ్లి చూడాలట.